పోయిండు అన్న మాట

పోయినవారం మనం బాలవ్వను మంచిర్యాల కంప్యూటర్ సెంటర్ మెట్ల మీద వదిలి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంది. పొద్దున తొలి బస్సు దిగిన మనిషి, ఎండ మెట్లెక్కి మీదికి వచ్చినా కదల్లేదు.

తాటిమడుగు ఊరంతా బొగ్గుబాయి కిందికి పోతున్నది. ఇళ్లు పోగొట్టుకునేవాళ్లకు లక్సెట్టిపేట తొవ్వలో కొత్త కాలనీ వేసి జాగాలు ఇస్తామన్నారు. ఎవరెవరికి ఇవ్వాలో ఆ జాబితా తయారుచేసే పని లక్ష్మీకాంతరావు నడిపే ఈ సెంటర్‌కు వచ్చింది. మొన్న ఆ జాబితాను పంచాయతీ గోడకు అంటించారు. రెండువందల పన్నెండు ఇళ్లు ఉండాల్సిన చోట నూట డెబ్బై ఒకటే ఉన్నాయి. మిగిలిన నలభై ఒక్కటీ చివరి పేజీలో, ‘యజమాని మృతి’ అన్న మాట కింద ఉన్నాయి. యజమాని చనిపోయిన ఇంటికి ఇప్పుడు జాగా రాదు. వారసుల విచారణ తేలాలి. ఆ విచారణ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఊరు ఖాళీ చెయ్యాల్సింది మాత్రం వచ్చే నెలలోనే.

ఆ నలభై ఒకటిలో బాలవ్వ పెనిమిటి మొండయ్య ఒకడు. మొండయ్య చావలేదు. దుబాయిలో ఇనుప చువ్వలు వంచుతున్నాడు. గోడ దగ్గర ఎవరో పేర్లు గట్టిగా చదివేసరికి ముసలత్త శంకరవ్వ గుండెలు బాదుకుని వాకిట్లో పడిపోయింది. తోడికోడళ్లు వచ్చి బాలవ్వ చేతుల గాజుల వైపు చూశారు. ఆ చూపును ఆమె మూడు రోజులుగా మోస్తున్నది.

లోపల, కిటికీ పక్కన, కనక మీటల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో కనకవ్వ. బళ్లో పంతులు కనకలత అని రాశాడు. ఇక్కడ అందరికీ కనక. ఇరవై రెండేళ్లు. మాట తక్కువ. కొత్తగా వచ్చినవాళ్లు ఈ పిల్లకు మాటలు వచ్చునా అని గంగుబాయిని పక్కకు పిలిచి అడిగేవాళ్లు. ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చిన గంగుబాయి పక్క కుర్చీలో టైపు చేస్తుంది. “వస్తయి, కని ముందుగాల మనసుల కొట్టుకుంటది, తప్పులు దిద్దుకుంటది, గప్పుడు అచ్చేస్తది” అనేది.

ఆ కనకే ముల్లెను తయారుచేసింది.

ముల్లె అంటే మూటాముల్లె కాదు. మెషీన్‌లో ఉండే చిన్న ప్రోగ్రాం. అది రాకముందు, ఒక జాబితాను బయటికి తీసి, దిద్ది, మళ్లీ లోపల పెట్టాలంటే ఇంగ్లీషులో బారెడు ఆజ్ఞ కొట్టాలి. తీసేటప్పుడు తాళం వెయ్యాలి, పెట్టేటప్పుడు విప్పాలి. ఒక్క చుక్క తప్పితే మెషీన్ మొండికేసేది. దానికి భయపడి టైపు పిల్లలు ఒకరి పని మీద ఒకరు రాసేసేవాళ్లు. గంగుబాయి రెండు రోజులు కొట్టిన పేజీలు ఒకసారి అట్లా మాయమైపోతే, ఆ పిల్ల బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. అది చూసిన రోజు నుంచి కనక మెషీన్‌తో పాటు వచ్చిన లావు పుస్తకం ముందేసుకుంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, రోజుకో పేజీ, నాలుగు నెలలు.

చివరికి ఆ బారెడు ఆజ్ఞలన్నీ నాలుగు మాటలకు కుదించింది. ముల్లె విప్పు అంటే జాబితా బయటికి వస్తుంది. ముల్లె కట్టు అంటే లోపలికి పోతుంది. పాతది పాతదిగానే అడుగున ఉంటుంది, కొత్తది దాని మీద చేరుతుంది. ముల్లె పాతది అని అంకె కొడితే ఆ నాటి రూపం తెరమీదికి వస్తుంది. ముల్లె ఎవలు అని కొడితే ఏనాడు, ఎవరు, ఎందుకు మార్చారో వరుసగా చెబుతుంది. ఇంగ్లీషు అక్షరాలే, మాటలు మాత్రం మనవి.

“అగబాయీ! గిట్లయితే మా ఆయీ గూడ నడుపుతది గీ మెషీన్‌ను” అంది గంగుబాయి మొదటిరోజు. ఆయీ అంటే వాళ్లింట్లో అమ్మ.

ఆ మాటకు కనక నెల రోజులు లోలోపల సంతోషపడింది.

మొదట్లో ముల్లె ప్రతిసారీ పేరు అడిగేది. పిల్లలు విసుక్కున్నారు. రోజుకు ముప్పై సార్లు మా పేరు మేమే కొట్టుకోవాల్నా, మరిచిపోతమా ఏంది అన్నారు. కనక దాన్నీ సులువు చేసింది. చివర పనిచేసినవాళ్ల పేరు ముల్లె గుర్తుంచుకుంటుంది. ఊరికే ఎంటర్ కొడితే ఆ పేరే పడుతుంది. వేరేవాళ్లు కూర్చుంటే తమ పేరు కొట్టుకోవాలి. తాళాలు లేవు, రహస్య పదాలు లేవు. నలుగురు పనిచేసే గదిలో ఎవరు ఎవర్ని మోసం చేస్తారు?

“కనకా.”

లక్ష్మీకాంతరావు తన గదిలోంచి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. తెల్లచొక్కా, మెత్తని గొంతు. కోపం వచ్చినా ఆ గొంతు పెరగదు, ఇంకా మెత్తబడుతుంది.

“జాగాలిచ్చే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నలభై ఒక్క ఇండ్లు ఎట్ల పోయినయని అడుగుతున్నరు. వాళ్లకు ఒక పేరు కావాలె. నీ ముల్లెను అడుగు, ఎవలు తీసిన్రో చెప్తది.”

“నాకెరికే సార్” అంది కనక.

“ఎరికుంటే సాలదు. తెరమీద కనబడాలె.”

కనక కొట్టింది. తొమ్మిది వరుసలు వచ్చాయి. అట్టడుగున తొమ్మిదోది:

తొమ్మిది. కనక. పోయినోళ్లను తీసేసిన.

“సూసినవా” అన్నాడాయన.

ఆమెకు చూడాల్సిన పని లేదు. దసరా సెలవుల తర్వాత సోమవారం అది. సార్ వచ్చి, యజమాని చచ్చిన ఇండ్లు పక్క పేజీకి తియ్యమన్నాడు. రెండువందల పన్నెండు వరుసలూ కళ్లతో వెతకడం ఎందుకని, ‘పోయిండు’ అన్న మాట ఉన్న వరుసలన్నీ చివరి పేజీకి వెళ్లేటట్టు ఒక్క ఆజ్ఞ రాసింది. కన్ను మూసి తెరిచేలోపల నలభై ఒక్క ఇళ్లు లేచిపోయాయి. గంగుబాయి చప్పట్లు కొట్టింది. అంతమంది ఎట్లా చచ్చారని ఎవరూ అనుకోలేదు. కనక కూడా అనుకోలేదు.

ఆమె ఎందుకు అనుకోలేదో సార్‌కు తెలియదు. గంగుబాయికీ తెలియదు. కనక ఏడో తరగతిలో ఉండగా, లెక్కల గంటలో మేనమామ కొమురెల్లి బడి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. “నడువు బిడ్డా. మీ బాపు పోయిండు” అన్నాడు. ఎక్కడికి అని ఆమె అడగలేదు. ఆ తువ్వాల చూసి అడగలేదు. దాంతో ఆ మాటకు ఆమె చెవిలో ఒకటే అర్థం మిగిలింది. పదేళ్లుగా ఎవరు పోయిండు అన్నా ఆమెకు బాపు రాజయ్య తెల్లబట్ట కిందనే కనిపిస్తాడు. మనిషి పోవడమంటే బస్సెక్కి, బొంబాయి పోయి, విమానం ఎక్కడం కూడా అని ఆమెకు తట్టనే లేదు.

“ఇప్పుడే సరిచెయ్యొచ్చు సార్” అంది. “పాతది విప్పితే నలభై ఒక్క ఇండ్లు ఎక్కడియి అక్కడ కూసుంటయి. నిమిషం పని. మీరు సంతకం పెడితే మాపటికల్లా ఆఫీసుకు పంపొచ్చు.”

“తొందరెందుకు?” అన్నాడు లక్ష్మీకాంతరావు. “ఒకసారి గోడకెక్కిన జాబితా గంట గంటకు మారిస్తే మన ఇజ్జత్ ఏముంటది? తర్వాత విచారణల వాళ్లే చూసుకుంటరు. ముందు నువ్వొక కాయితం రాయి. నా అజాగ్రత్త వలన ఈ పొరపాటు జరిగినదని. నేను మందలించి వదిలేసిన అని చెప్తా. ఫికర్ చెయ్యకు, నీ నౌకరికి నాది జిమ్మ.”

“విచారణ అయ్యేవరకు ఊరు ఉండది సార్.”

ఆయన వినలేదో, వినిపించుకోలేదో గానీ వాకిట్లోకి చూశాడు. అక్కడ బాలవ్వ లేచి నిలబడింది. లోపలి మాటలు ఆమె చెవిన పడ్డట్టున్నాయి. గడప దాటి లోపలికి వచ్చింది.

“నాకు జర చెప్పున్రి దొరా. నా మొగణ్ణి ఏ రోగం వట్టి సంపిన్రు?”

“కూసో బాలవ్వా. పొరపాటు అయింది.”

“మీకు పొరపాటు. మా అత్తకు మంచం. మూడొద్దుల సంది ముద్ద ముడుతలేదు. కొడుకు సచ్చిండన్న మాట చెవులవడ్డది, బతికిండన్న మాట ఎవలు చెప్పినా నమ్ముతలేదు. గిది సూడున్రి.” కొంగుముడి విప్పి ఒక క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టింది. “పోయిన పున్నానికి మాటలు నింపి పంపిండు. మేక ఈనిందా అని అడుగుతుండు గిండ్ల. సచ్చినోడు మేకల ముచ్చట అడుగుతడా?”

గంగుబాయికి నవ్వు, ఏడుపు రెండూ వచ్చినట్టయి మొహం పక్కకు తిప్పుకుంది.

“ఆ క్యాసెట్టు ఎన్నడు నింపిండో ఎవలు చెప్పాలె?” అన్నాడు లక్ష్మీకాంతరావు, ఇంకా మెత్తగా. “విచారణల చూపియ్యి.”

“మీ విచారణకు మా ఆయన లేచొచ్చి నేను బతికే ఉన్న అని దండం పెట్టాల్నా? రెండేండ్లు గాకముందే వస్త అంటే, పాసుపోర్టు గుంజుకున్న అక్కడి సేటు ఇడిసిపెడుతడా?”

అంతలో హనుమండ్లు వచ్చాడు. ఊరూరా తిరిగి ఇళ్ల వివరాలు రాసిన మనిషి ఆయనే. సైకిల్ గోడకు ఆనించి, చంకలో నీలం అట్ట నోటుబుక్కు పట్టుకుని, చెమటలు కారుతూ లోపలికి అడుగు పెట్టాడు.

“దండం దొరా. తాటిమడుగుల నన్ను ఊరి మీదికి రానిస్తలేరు. యముని కాడ గుమాస్తావా అంటున్నరు. నేను ఏం తప్పు రాసిన్నో సూడున్రి, తప్పుంటే చెప్పుతోని కొట్టున్రి.”

బుక్కు తెరిచి కనక ముందు పెట్టాడు. గుండ్రని అక్షరాలు. ఇంటి నంబరు, యజమాని పేరు, ఇంట్లో ఎందరు, చివర ఒక ముక్క. మొండయ్య పేరు పక్కన ఆ ముక్క ఇట్లా ఉంది: దు. పోయిండు.

కనక ఆ చుక్క వైపు చూసింది.

“దు అంటే ఏంది కాకా?”

“దు అంటే దుబాయి బిడ్డా. బొ అంటే బొంబాయి. భి అంటే భివండి, మగ్గాల మీదికి పోయినోళ్లు. ఊర్ల సగం మంది గట్లనే ఉంటే ప్రతోనికీ పూరా రాసుకుంట కూసుంటనా? సచ్చినోళ్లకు నేను పోయిండు అని ఎన్నడన్న రాస్తనా? కాలం అని రాస్త. సూడు, గీ రెండు పేజీలల్ల ముగ్గురే ఉన్నరు కాలం చేసినోళ్లు.”

కనక బుక్కు అంతా తిప్పింది. కాలం అని రాసినవి ఊరు మొత్తంలో ఆరు. ఆ ఆరుగురూ ఏనాడో చచ్చిన ముసలివాళ్లు. వాళ్ల ఇళ్లు మొదటి పేజీల్లో బతికున్నవాళ్ల మధ్య నిక్షేపంగా ఉన్నాయి. బతికున్న నలభై ఒక్కరూ చివరి పేజీలో ఉన్నారు.

“దొర అదృష్టం గాని” అన్నాడు హనుమండ్లు తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, ఏ కల్మషమూ లేకుండా. “గీ నలభై ఒక్క ఇండ్లు తగ్గితే కాలనీకి గంత జాగ అక్కరలేదట. కాలువ కిందున్న తరిపొలం పెద్దదొర సీతారాంరావు గారికే మిగులుతదట గదా. ఊర్ల అందరు గదే ముచ్చట. దేవుడు ఇయ్యాల్నంటే గిట్ల గూడ ఇస్తడు అంటున్నరు.”

పెద్దదొర అంటే లక్ష్మీకాంతరావు అన్న. లక్ష్మీకాంతరావు చొక్కా జేబులోంచి పెన్ను తీసి, దాని మూత తీసి, మళ్లీ పెట్టాడు.

కనక తెర వైపు తిరిగింది. తాను ఆజ్ఞ కొట్టిన రోజు జాబితాలో దు లేదు. ఉండి ఉంటే కంటపడేది. దు పోయిండు, బొ పోయిండు, భి పోయిండు అని వరుసగా కనబడితే, పోయిండు అన్న మాటకు ఎంత బెదిరిన మనిషైనా ఇదేందని ఒక్కసారి ఆగేది. మరి ఆ అక్షరాలు ఎక్కడ రాలిపోయాయి? గంగుబాయి టైపు చేసేటప్పుడే వదిలేసిందా?

ముల్లె పాతది, ఒకటి అని కొట్టింది. మొండయ్య వరుస వెతికింది. దు పోయిండు. గంగుబాయి చుక్క వదిలేసింది గానీ అక్షరం వదల్లేదు. రెండోదాంట్లోనూ ఉంది. మూడోదాంట్లో, నాలుగోదాంట్లో ఉంది. అయిదోది విప్పింది.

పోయిండు.

ఒట్టి పోయిండు. మొండయ్యకే కాదు. పేజీ పొడుగునా, నలభై ఒక్క చోట్లా, ముందటి అక్షరం ఎవరో ఏరి పారేసినట్టు పోయింది. దుబాయి లేదు, బొంబాయి లేదు, భివండి లేదు. వాళ్లు పోయిన ఊళ్లన్నీ చెరిపేసి, మనుషులను ఒట్టిగా పోనిచ్చారు.

అయిదో వరుస ఏం చెబుతున్నదో చూసింది. అక్కడా ఒక పేరుంది. కనక. పక్కన తారీఖు. ఆ పక్కన కారణం: అనవసరపు అక్షరములు తొలగించబడినవి.

ఆమె ఆ తారీఖును రెండుసార్లు చదివింది. సద్దుల బతుకమ్మ రోజు. ముందురోజు సాయంత్రం చివర పని చేసి పోయింది తనే. కనుక ముల్లె గుర్తుంచుకున్నది తన పేరే. ఆ తెల్లారి తను ఊళ్లో, కన్న అవ్వతో కలిసి గునుగుపూలు కోస్తున్నది. గంగుబాయి ఆసిఫాబాద్ బస్సులో ఉన్నది. సెంటర్‌కు తాళం. ఆ తాళంచెవి ఒకరి జేబులోనే ఉంటుంది.

తారీఖు లేకపోయినా ఆ కారణం ఒక్కటి చాలు. ఈ గదిలో ఆడపిల్లలు తీసేసిన అంటారు, కొట్టిన అంటారు, దిద్దిన అంటారు. ‘తొలగించబడినవి’ అని ఎవరూ అనరు. ఆఫీసులకు ఉత్తరాలు చెప్పి రాయించేటప్పుడు మాత్రమే ఆ మాట ఈ గదిలో వినబడుతుంది. ఆ ఉత్తరాలు కనకే టైపు చేస్తుంది.

“సద్దుల నాడు సెంటర్ తెరిసిన్రా సార్?”

అడిగింది చిన్నగా. ఆ చిన్న మాటకే గంగుబాయి చేతులు మీటల మీద ఆగిపోయాయి.

లక్ష్మీకాంతరావు తెర మీదికి వంగి అయిదో వరుస చదివాడు. ఆయన మొహంలో రంగు మారలేదు. నడుము ఎత్తి నిలబడి, “లోపలికి రా” అన్నాడు.

లోపలి గదిలో ఆయన కూర్చోలేదు. ఆమెనూ కూర్చోమనలేదు.

“ఏం చదువుకున్నవ్ నువ్వు?”

జవాబు కోసం ఆయన ఆగలేదు.

“ఊరి బళ్లె చదివినవు. తర్వాత టైపు. గంతే. నిన్ను గీ కుర్సీల కూసోబెట్టింది ఎవలు? ఆ మెషీన్ ముట్టుకోనిచ్చింది ఎవలు? నీ తండ్రి పోయినంక మీ అవ్వ మా గడీకి వచ్చి నిలబడితే పనిచ్చిందెవలు?”

“మీరే సార్.”

“మరి? నేను నీ మీద ఒక్క మాట అంటలేను కనకా. నేను అంటలేను. నీ ముల్లె అంటున్నది. అయిదు దగ్గర కనక. తొమ్మిది దగ్గర కనక. దాన్ని రాసింది నువ్వు. పేరు అడుగుడు తీసేసి సులువు చేసింది నువ్వు. రేపు ఎవలన్న వచ్చి అడిగితే నేను ఏం చెప్పాలె? ముల్లె అబద్ధం ఆడుతదని చెప్పాల్నా? అట్లయితే తొమ్మిదోది గూడ అబద్ధమేనా?”

అది నిజమే. కనకకు అన్నిటికంటే చేదుగా తగిలింది అదే. తాను నమ్మి కట్టినదే తనకు ఎదురు సాక్ష్యం చెబుతున్నది. అదీ తప్పు చెప్పడం లేదు. దానికి తెలిసింది అది చెబుతున్నది.

“అక్షరాలు ఎందుకు తీసిన్రు సార్?”

“నేను తీసిన అని నేను అన్ననా?”

“అనలే సార్.”

“గదే మరి.” ఆయన కిటికీలోంచి బయట చూశాడు. “అది మా తాతల నాటి పొలం. ఒక్కొక్కటే పోతున్నది. నీకేం తెలుస్తది.” ఆ ఒక్క వాక్యం మాత్రం మెత్తగా రాలేదు. మళ్లీ గొంతు సర్దుకున్నాడు. “కాయితం రాసియ్యి. ముల్లెల పాతయి ఒకటి సంది ఎనిమిది వరకు తీసెయ్యి. ఆఖరిది ఒక్కటి ఉంటే సాలు. అట్ల చేస్తే విచారణల మొండయ్య పేరు మొదలు పెట్టిస్తా. ఆ ఆడిది గూడ నిమ్మళంగ ఇంటికి పోతది.”

“మిగిలిన నలభై ఇండ్లు సార్?”

ఆయన కాగితం, పెన్ను బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

కనక ఆ కాగితం వైపు చూసింది. రాస్తే నౌకరి ఉంటుంది. అవ్వ చేతికి నెలనెలా బియ్యం వస్తుంది. ఒక ఇల్లు మళ్లీ మొదటి పేజీకి ఎక్కుతుంది. రాయకపోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు. ముల్లెలో ఉన్నది తన పేరే. ఎవరు నమ్ముతారు? గంగుబాయి నమ్ముతుంది. గంగుబాయి నమ్మితే ఏమవుతుంది?

పెన్ను ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి బయటి గదిలోకి వచ్చింది. సార్ పిలవలేదు. ఆమె మళ్లీ వస్తుందనే అనుకున్నాడు. ఇన్నాళ్లూ ఎటు పోయినా మళ్లీ వచ్చిన పిల్ల.

బాలవ్వ బల్ల దగ్గరే నిలబడి ఉంది. హనుమండ్లు గోడకు ఆనుకుని, తన మీద పడిన నింద తొలగిందో లేదో తేలక గోళ్లు గిల్లుకుంటున్నాడు. కనక బాలవ్వ ఎదుట నిలబడింది. చాలాకాలంగా ఎవరితోనూ ఇంత దగ్గరగా నిలబడి మాట్లాడలేదు.

“అక్కా. మీ ఆయన పేరు తీసింది నేనే.”

బాలవ్వ కళ్లు చిన్నవయ్యాయి.

“నా చేతులతోనే తీసిన. సచ్చిండనుకున్న. కని నేను తీసేకంటే ముందుగాల, ఆయన పేరు పక్కపొంటి ఉన్న...”

చెంప ఛెళ్లుమంది.

బాలవ్వ చెయ్యి మూడు రోజులుగా ఎత్తే ఉంది. ఎవరి మీద దించాలో ఇప్పుడు తెలిసింది. గాజు ఒకటి చిట్లి నేల మీద పడింది. కనక దవడ మీద సన్నటి గీత లేచి ఎర్రబడింది. గంగుబాయి కెవ్వున అరిచి లేచింది. హనుమండ్లు “అయ్యో అయ్యో, ఆగు బాలవ్వా” అంటూ మధ్యలోకి వచ్చాడు.

“ఏ తల్లి కన్న బిడ్డవే!” అంది బాలవ్వ. “ముసల్ది సచ్చేటట్టున్నది ఇంట్ల. నువ్వు సల్లగ ఫ్యాను కింద కూసోని మనుసులను సంపుతున్నవా?”

కనక చెంప ముట్టుకోలేదు. మిగిలిన సగం మాట నోట్లోనే ఉంది. అది చెప్పడానికి నోరు తెరిచేలోపల వెనక నుంచి మెత్తని గొంతు వినబడింది.

“ఇన్నవు గద హనుమండ్లూ. పిల్ల తన నోటితోనే ఒప్పుకున్నది. నువ్వు సాక్షి. గంగుబాయీ, నువ్వు గూడ.”

లక్ష్మీకాంతరావు లోపలి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలియదు. అక్కడినుంచి నడిచి వచ్చి అందరి మధ్య ఆగాడు.

“గొడవ చెయ్యకున్రి. అందరు జర బయటికి పోయి నిలబడున్రి. ఆఫీసుకు నేను మాట్లాడుత. పోన్రి, గంగుబాయీ, ఆమెకు మంచినీళ్లియ్యి.”

దొర పొమ్మంటే హనుమండ్లు కాళ్లు వాటంతట అవే కదిలాయి. గంగుబాయి బాలవ్వ భుజం పట్టుకుని నడిపించింది. చెంప దెబ్బ తిన్న పిల్లను ఎవరో చెయ్యి పట్టి తీసుకుపోతున్నట్టు వాళ్ల వెనక నడిచింది కనక. మెట్ల మీదికి వచ్చి ఎండలో నిలబడ్డాక గానీ తాను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. మెషీన్ అట్లాగే వదిలేసి వచ్చింది. తెర మీద తొమ్మిది వరుసలూ అట్లాగే ఉన్నాయి.

ఆమె వెనక సెంటర్ తలుపు మూసుకుంది. లోపలి నుంచి గడియ పడింది.

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత ఒక మీట నొక్కిన చప్పుడు. కొంచెం ఆగి ఇంకొకటి. అలవాటు లేని వేలు ఒక్కొక్క అక్షరాన్నీ వెతుక్కుంటున్నది.

కనక పరుగెత్తి తలుపు తోసింది. కదల్లేదు. అరచేత్తో కొట్టింది. “సార్! సార్!” లోపల ఆ చప్పుడు ఆగలేదు, తొందరపడలేదు.

“ఏమైందే?” అంది గంగుబాయి. “ఏం జేస్తుండు?”

పాతవి తీసెయ్యమన్న ఆయన మాట కనకకు గుర్తొచ్చింది. తలుపుకు నుదురు ఆనించి, లోపల పడుతున్న అక్షరాలు లెక్కపెడుతున్నది.

బాలవ్వ నీళ్ల చెంబు తాగకుండానే మెట్టు మీద పెట్టేసింది. గడియ పడిన తలుపు వైపు చూసింది. దాన్ని పట్టుకుని వేళ్లాడుతున్న పిల్లను చూసింది. దవడ మీద తన చేతి గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది. ఆమె గొంతులో కోపం పోలేదు, కానీ అందులోకి ఇంకేదో వచ్చి చేరింది.

“అవునే పిల్లా” అంది. “తప్పు చేసింది నువ్వైతే, తలుపు ఆయనెందుకు ఏసుకున్నడు?”